మోకాలి ఆంటీ

పక్క వీధి ఆంటీ పోయిన సంగతి మొన్న మంగళవారం పొద్దున మా ఎడ్మండ్‌సన్ పార్క్ పేట తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "ఏ ఆంటీ?" అని ఎవరో అడిగారు. "అదే, మోకాలి ఆంటీ" అని ఇంకెవరో జవాబు పెట్టారు. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. వరసగా దండాల బొమ్మలు పడ్డాయి.

ఆ పేరు పెట్టింది మా ఆయన. విని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆవిడ మోకాలికి ఏ జబ్బూ లేదని తెలిసిందీ నాకే. ఇది చదివేవాళ్లలో ఆ గ్రూపువాళ్లు కూడా ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

కడప నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్లది. ఆంటీ షాపింగ్ సెంటర్లో బట్టలు సరిచేసే చిన్న దుకాణం నడిపేవారు. తెల్లవారుజాము నమాజు కాగానే స్కార్ఫు బిగించి, కొడుకు వదిలేసిన బూట్లు తొడుక్కుని నడకకు బయల్దేరేవారు. రెండోసారి కూడా కడుపు నిలవక నేను ఇల్లు కదలడం మానేసిన రోజుల్లో, తలుపు తట్టి తీసుకెళ్లింది ఆవిడే. ఏమీ అడగలేదు. వాగు పక్కన గంటసేపు నడిపించి, జేబులోంచి వేరుశనగ ఉండ తీసి చేతిలో పెట్టారు. "ముందు పోయేవాళ్లను చూసి నడవాకు పాపా. నీ కాలి కింద చూసి నడువు" అనేవారు.

ఈ దేశంలోకెల్లా ఎత్తైన కొజియాస్కో కొండల్లో, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి చేరే బాట ఒకటి ఉంది. షార్లెట్ పాస్ నుంచి లోయలోకి దిగి, స్నోయీ నది దాటి, బ్లూ లేక్ మీదుగా శిఖరాల వెంట ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ బాట మ్యాపును ఆంటీ కుట్టు మిషను ఎదురుగా గోడకి అంటించుకున్నారు. అంకుల్‌ది బలహీనమైన గుండె. తోడు లేక ఆవిడ ఏళ్ల తరబడి ఆగారు. ఆరేళ్ల కిందట మా ఆయన ఆఫీసు స్నేహితులతో ఆ నడక పెట్టుకున్నప్పుడు, నేనే ఆంటీని కూడా రమ్మన్నాను.

ఆ వారమే నాకు మళ్లీ నెల తప్పిందని తెలిసింది. రెండుసార్లు ఆశపడి ఏడ్చిన మనిషికి మూడోసారి ఆశ పెట్టలేక మా ఆయనకు చెప్పలేదు. నడవగలననే అనుకున్నాను. బ్లూ లేక్ దగ్గర బండరాళ్ల చాటుకు వెళ్తే రక్తపు మరక కనిపించింది. నా వెనకే వచ్చిన ఆంటీకి చెప్పాను.

"భయపడాకు. ఆయనకి తెలుసునా?"

"లేదు ఆంటీ. వీళ్లందరి ముందు ఇక్కడ చెప్పలేను."

"చెప్పాకు. నా మాటకి అడ్డం రాకుండా ఉండు, చాలు."

ఆవిడ నేరుగా అందరి మధ్యకూ వెళ్లి, ఒక రాయి మీద కూలబడి మోకాలు పట్టుకున్నారు. "నా వల్ల కాదు నాయనా. మోకాలు పట్టేసింది. మీరు పోండి, పాప నన్ను కిందికి తీసకపోతాది."

ఇద్దరు ఆడవాళ్లను కొండ మీద ఎలా వదులుతామన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. "ఇయరంతా ప్లాన్ చేశాను. మోకాళ్ల ప్రాబ్లమ్ ఉన్నావిడ హైక్‌కి ఎందుకు రావాలి?" అన్నాడు మా ఆయన నాతో, ఆంటీకి వినపడేటట్టు.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. చూసేవాళ్లకు నేను ఆవిడను నడిపిస్తున్నట్టుంది. ఆ చేతిలో బరువే లేదు. నేను తూలినప్పుడల్లా అదే నన్ను పట్టి నిలిపింది.

బిడ్డ నిలిచింది. మా అమ్మాయికి ఇప్పుడు ఐదేళ్లు. ఇంటికొచ్చాకే నాకు తెలిసిందని మా ఆయనకు అబద్ధం చెప్పాను. అది బయటపడకుండా ఉండటానికి ఆంటీ మీద నింద అలాగే ఉండనిచ్చాను. మరుసటి ఏడాది వాళ్లు మళ్లీ వెళ్లారు. "ఈసారి మోకాళ్లున్నవాళ్లనే పిలుద్దాం" అన్నాడు మా ఆయన, ఒక బార్బెక్యూ విందులో. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇండియన్ షాపులో ఆ గుంపులోవాళ్లు ఎవరైనా ఎదురైతే ఆంటీ కాస్త కుంటేవారు. నా కోసం.

ఒక్కసారి మాత్రం అడిగారు. "పాపా, ఈ ఎండాకాలం మనిద్దరమే పోదామా ఆ కొండకి?"

"చంటిది ఉంది కదా ఆంటీ" అన్నాను. మళ్లీ అడగలేదు.

ఖననం అయ్యాక వాళ్లింట్లో, మా ఆయనా స్నేహితులూ కూర్చున్న చోట, అంతా చెప్పేశాను. "అయ్యో, అప్పుడే చెప్తే అయిపోయేది కదా" అన్నాడొకాయన. మా ఆయన నా వైపు చూడకుండా లేచి బయటికి వెళ్లాడు. అంకుల్ మాత్రం నెమ్మదిగా అన్నారు, "నాకు తెలుసమ్మా. ఆ రోజే చెప్పింది. నువ్వే ఎప్పుడో ఒకరోజు అందరికీ చెప్తావని చూస్తా ఉన్నింది."

ఆ రోజు తిరుగుదారిలో స్నోయీ నది దగ్గర జరిగింది మాత్రం నేనొక్కదాన్నే చూశాను. నీళ్లలో వరసగా ఉన్న రాళ్ల మీద కాలు పెట్టి దాటాలి. మిగతావాళ్లు ముందే దాటి ఎగువకు ఎక్కుతున్నారు. ఆంటీ నన్ను జాగ్రత్తగా దాటించాక, నా సంచీ అవతలి ఒడ్డునే ఉండిపోయిందని గమనించారు. ఒక చేత్తో సల్వారు ఎత్తిపట్టి, రాయి మీంచి రాయి మీదకు బడిపిల్లలా గెంతుకుంటూ వెళ్లి, అలాగే తిరిగొచ్చారు. ఒడ్డెక్కి, మేం ఎక్కకుండా వదిలేసిన శిఖరాల వైపు ఒకసారి చూశారు. అక్కడక్కడా మిగిలిన మంచు ఎండకు మెరుస్తోంది. తర్వాత సంచీ నా చేతికిచ్చి, కుంటడం మొదలుపెట్టారు.