అక్క నమ్మని దుబాయి

చెరుకు సీజన్ అయిపోతే మా అసొంటి పర్మనెంటు కాని వెల్డర్లకు చక్కెర ఫ్యాక్టరీల పని ఉండకపోయేది. ఒక ఎండకాలం గట్ల ఖాళీగ ఉన్నప్పుడు, బోధన్ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్ల ఒక ఏజెంటు కూసుండి దుబాయికి మనుషుల్ని మాట్లాడుతున్నడని తెలిసింది. పోయి కలిసిన. తెల్లబట్టల మనిషి, మెత్తటి ఉర్దూ. వెల్డింగు పనే అన్నడు. నిజామాబాదుకు తిరిగొచ్చి అక్కకు చెప్పిన.

బాపు, అవ్వ పోయినంక నన్ను సాకింది అక్కనే. అప్పటికే బావ లేడు. పెండ్లైన కొత్తల ఎవరో మేస్త్రి వెంట బొంబాయి మిల్లు పనికని పోయి మళ్ల రాలేదు. ఉన్నడో లేడో తెల్వక అక్క పుస్తె తియ్యలేదు. బీడీలు చుట్టుకుంట నన్ను పెద్ద చేసింది.

"గా మనిషి ఇల్లు యాడ?" అనడిగింది.

"హైదరాబాదట."

"హైదరాబాదుల యాడ?"

నేను అడగలేదు. తెల్లారి బీడీల చాట పక్కకు పెట్టి నాతోని బోధన్ బస్సెక్కింది.

హోటల్ల ఏజెంటు ముందట నిలబడి, "నువ్వు గా దేశం పోయినవా?" అన్నది.

"కొన్నేండ్లు ఉండొచ్చిన అమ్మా."

"గంత మంచిగుంటే మరి ఎందుకొచ్చినవ్?"

ఆయన నవ్వి మాకు చాయ్ చెప్పిండు. అక్క ముట్టలేదు. బయటికొచ్చినంక, "అడిగినదానికి చెప్పకుంట చాయ్ తాపుతున్నడు, సూసినవా తమ్మీ" అన్నది.

అయినా నేను పోతానన్న. ఏటా సగం కాలం ఇంట్ల కూసునుడు నాతోని కాదన్న. అక్క కొన్నాళ్లు మూతి ముడుచుకున్నది. పాస్‌పోర్టు వచ్చెటాల్లకు వానలు పడ్డయి. అప్పుడన్నది: "పో. కని బొంబాయి దాక నేనొస్త. నువ్వు ఇమానం ఎక్కిందాక వాని మీదికెల్లి కన్ను తియ్య."

మన్మాడ్‌ల బండి మారి బొంబాయిల దిగినం. మాతోని ఇంకొందరు మనోళ్లు ఉన్నరు. అందరి పాస్‌పోర్టులు ఏజెంటు తీసుకున్నడు, నాది తప్ప. అది అక్క రవికెల ఉన్నది. "దుబాయి పోనీకి ముద్ర వేయించాలె అమ్మా" అంటే, "నడువు, నేనూ వస్త" అని ఆయన వెంట ఆఫీసుకు పోయి, ముద్ర పడంగనే మళ్ల తీసి దాసుకున్నది.

మేము ఉన్న లాడ్జిల ఓనరు ఇంటోళ్ల వంటగదిల అక్కకు చోటిచ్చిన్రు. బోధన్ అంగట్ల నేర్చిన మరాఠీతోని ఓనరు భార్యను అడగనే అడిగింది, ఈ ఏజెంటు పంపినోళ్లు ఎవరన్న తిరిగొచ్చిన్రా అని. "కొందరొచ్చిన్రు" అన్నదట ఆమె.

"కొందరంట తమ్మీ. తక్కినోళ్లు ఏమైన్రు?"

"పని చేస్తున్నరేమో అక్కా."

"ఏమో అంటవేంది?"

అప్పటిసంది నాకూ గుబులు పట్టింది. ఏజెంటు ఓనరుతోని గుసగుసలాడితే నా గురించే అనిపించేది. రేపు, ఎల్లుండి అని జరుపుకుంట వచ్చి, ఒకనాడు పొద్దుగాల్నే మాయమైండు. మధ్యాహ్నం దాటినా రాలేదు. పాస్‌పోర్టులు ఇచ్చినోళ్లు అన్నం తినలేదు. అక్క మెట్ల మీద కూసున్నది. పొద్దుగూకినంక తడిసి ముద్దై, సంకల టికెట్ల సంచి పెట్టుకొని వచ్చిండు. వానకు బస్సులు నిలిచిపోయినయట, నడిచొచ్చిండట. అక్క ఒక్కొక్క టికెట్టు ఎల్తురుకు పట్టి సూసింది. ఆమెకు చదువు రాదు.

ఎయిర్‌పోర్టు గేటు కాడ ఆయన్ను ఆపింది. "నిజం చెప్పు. ఇంతకు ముందు మిల్లులకు మనుషుల్ని తోలినవా?"

ఈసారి ఆయన నవ్వలేదు. "లేదు అమ్మా. మా అన్ననే గట్ల పోయిండు. మాకూ జాడ తెల్వదు" అన్నడు.

నిజమే చెప్పిండో, అక్కను మెత్తబెట్టనీకి అన్నడో నాకు ఇప్పటికీ తెల్వదు. అక్క ఆయన మొకం సూసి, పాస్‌పోర్టు తీసి నా చేతుల పెట్టింది.

దుబాయిల ఆయన చెప్పిన పనే దొరికింది. పైపులకు అతుకులేసే పని. ఎండకు తోలు ఊడేది గని, మోసం లేదు. అదే మాట రాసి పంపితే అక్క నమ్మలేదు. కాళ్లు చేతులు కనవడేటట్టు ఫోటో దింపి పంపుమని పక్కింటామెతోని రాయించింది. పంపిన. బూట్లు ఇడిసి మళ్ల దింపుమన్నది. సెలవు మీద ఇంటికి పోతున్న, మా దిక్కు మాక్లూరు ఊరాయనతోని నా మాటలు క్యాసెట్టుల నింపి పంపితే, మొత్తం ఇని, "ఇది చెప్పేటప్పుడు పక్కకు ఎవరు నిలబడ్డరు?" అని ఆయన్ను అడిగిందట.

నేను ఇంటికొచ్చెటాల్లకు మా గల్లీల కొత్త రివాజు పడ్డది. దుబాయి పోయేటోళ్లు ముందు ఏజెంటును అక్క కాడికి తెస్తున్నరు. ఆమె బీడీలు చుట్టుకుంటనే, తలెత్తకుంట అడిగేది. ఒక ఏజెంటు మధ్యల లేచి పోయిండు. తర్వాత వాడు జక్రాన్‌పల్లి దిక్కు మనుషుల్ని తీసుకపోయి బొంబాయిల ఇడిసిపెట్టిండని తెలిసింది.

నేను రెండోసారి పోయేటప్పుడు అక్క నిజామాబాదు స్టేషన్ దాకనే వచ్చింది. "ఇప్పుడన్న నమ్మినవా?" అని కిటికీలకెల్లి అడిగిన.

"నమ్ముడెందుకు? పనున్నది, పోతున్నవ్" అన్నది. చుట్టిన బీడీలు కార్ఖానల ఇయ్యాలె, ఆలస్యమైతే తీసుకోరని, బండి కదలక ముందే గంప ఎత్తుకొని ఎల్లిపోయింది.