పేరడిగితే కిటికీ వైపు

ఈ ఉదయం మా కోడలు సానమీద వసకొమ్ము అరగదీస్తోంది. ఆ ఘాటు వాసన వంటింట్లోంచి నా పడకకుర్చీ దాకా రాగానే, ముసలితనం వచ్చిన నా నాలుక తనంతట తానే పళ్ళ వెనక దాక్కుంది. మనవడికి మాట తిరగడం లేదట. పైగా ధ్యాస నిలవడం లేదట.

చిన్నప్పుడు నాకూ అవే రెండు జబ్బులని పేరు. పందొమ్మిదివందల ఇరవైలలో, రంగూన్లో బోటాటౌంగ్ రేవు వెనక ఈ సందులోనే ఉండేవాళ్ళం. వాన రేకులమీద వాయిస్తూంటే మిల్లుల ఊకపొగా, పొరుగింటి ఎండుచేపల కంపూ, వినాయకచవితికి అమ్మ ఉడికించే ఉండ్రాళ్ళ ఆవిరీ అన్నీ ఒకే తలుపులోంచి మా ఇంట్లోకి వచ్చేవి. రానిదల్లా నాకు 'ర' ఒక్కటే. దాని చోట 'య' పలికేది. నా పేరు రామారావు. అది పెట్టేటప్పుడు నన్నెవరూ సంప్రదించలేదు.

తెలుగులో మర్యాదంతా ఆ అక్షరం మీదే నిలబడి ఉందని తొందరగానే కనిపెట్టాను. 'గారు' అనలేను, 'వచ్చారు' అనలేను. పెద్దవాళ్ళను 'వచ్చాడు' అని తప్పించుకుంటే, పొగరని మొట్టేవారు. బిళ్ళంగోడులో ఎవర్నీ పేరుపెట్టి పిలవనక్కర్లేదు కాబట్టి ఆ ఆటలో నేను మొనగాణ్ణి. మిగతా వేళల్లో, చెప్పబోయే మాటలో 'ర' ఎక్కడ పొంచి ఉందోనని కాపలా కాస్తూ కూర్చునేవాణ్ణి. ఈలోగా పంతులు చెప్పిన లెక్కా, అమ్మ తెమ్మన్న ఉప్పూ నన్ను దాటి వెళ్ళిపోయేవి. దాన్నే అందరూ పరధ్యానం అన్నారు. నేను కాదనలేదు. మాట రానివాడికన్నా ధ్యాస లేనివాడికి పరువు కొంచెం ఎక్కువ. అమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని, వస తేనెలో రంగరించి నాలుకకు రాసేది.

నాన్న రేవులో కూలీల మేస్త్రీ. ఇంగ్లీషు బడిలో వేస్తే నేను గోనెలు మోయక్కర్లేదని ఆయన ఆశ. తొలకరిలో ఒకరోజు ఇస్త్రీ కోటు తొడుక్కుని నన్ను తీసుకెళ్ళాడు. హెడ్మాస్టరు తెలుగాయనే.

"నీ పేరేమిటి, బాబూ?"

కిటికీలోంచి చూస్తే నదిలో ఒక వడ్ల పడవ, చిరిగిన తెరచాప టపటపా కొట్టుకుంటోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"చెవుడా?"

"సెవుడు కాదు బాబూ. ద్యాస నేదు," అన్నాడు నాన్న, నేలకేసి చూస్తూ.

"అయితే వచ్చే ఏడు చూద్దాం."

దారంతా నాన్న గొడుగు నాకు పట్టి తను తడిశాడు. సందు మొదట్లో డా మ్యా అనే బర్మా ఆవిడ, చేపల పులుసు పోసి బియ్యపు సేమ్యా అమ్మేది. ఏమైందని తన భాషలో అడిగింది. రంగూన్ బర్మావాళ్ళ నోట 'ర' పలకదు; ఊరినే వాళ్ళు యాంగోన్ అంటారు. ఆ భాషలో నాకు కాపలా పని లేదు. పడవా, తెరచాపా, హెడ్మాస్టరు ముక్కుపొడుమూ, కోటులో నాన్న చెమటా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, "పేరు చెబితే నవ్వుతారు, నాన్న తలొంచుకోవాలి, అందుకే చెప్పలేదు" అని ముగించాను. ఏళ్ళ తరబడి రేవులో బతికిన నాన్నకు బర్మా భాష వచ్చునన్న సంగతి మాత్రం నా ధ్యాసలో లేదు.

"ఈ గుంటడికి ఇంత మాటుందేటి!" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. తర్వాత మొహం తుడుచుకున్నాడు. వాన అప్పటికే వెలిసింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. హెడ్మాస్టరు ప్రశ్న పూర్తికాకముందే "రామారావండి" అనేశాడు నాన్న. నాకు ధ్యాస ఉందని ఆయన పట్టుబట్టాక బడిలో చేరాను. అప్పట్నించి ఎక్కడికెళ్ళినా నా పేరు ఆయనే చెప్పేవాడు. చూసినవాళ్ళు ముద్దనుకునేవారు. ఆయన వెనక నిలబడి ప్రతిసారీ నేను చెవులు ఎర్రబడేలా సిగ్గుపడేవాణ్ణి. ఆ తర్వాత 'ర' ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా. నేను పట్టా పుచ్చుకున్న రోజున కూడా పక్కనున్నవాళ్ళకు నా పేరు ఆయనే చెప్పాడు.

ఇప్పుడు డా మ్యా గంపా లేదు, యుద్ధంనాడు మనవాళ్ళు తరలిపోయాక తెలుగు కేకలతో తెల్లారే రేవూ లేదు, నాన్నా లేడు. ఆయన పేరు, అప్పారావు, మనవడికి పెట్టుకున్నాం. అందులోనూ ఒక 'ర' ఉందని ఎవరికీ తట్టలేదు. వస ఘాటుకు మొహం ముడుచుకుని వచ్చినవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నీ పేరేటిరా?" అన్నాను, అనకూడదని తెలిసీ. వాడు కిటికీమీది కాకిని చూశాడు. నోరు తిరక్కపోయినా నవ్వడానికి ఈ సందులో తెలుగు తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదని వాడికి చెప్పాలనిపించింది. అది ఓదార్పో కాదో తేలక, నేనూ కాకినే చూశాను.