అమ్మ నంబరు మార్చిందెవరు: మేడ్చల్, శామీర్‌పేటల్లో ఒక రోజు

గురువారం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో అల్వాల్ స్టేషన్‌లో మేడ్చల్ వెళ్లే లోకల్ రైలెక్కాను. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాను. కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా చూడడం నా ఉద్యోగం. ఆ రోజు సెలవు పెట్టింది స్నేహితురాలు వసుంధర కోసం. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ప్రైవేటు హైస్కూలుకు ఆమె హెడ్‌మిస్ట్రెస్.

ఆ సోమవారం బడి వదిలే ముందు ఒక మనిషి గేటు దగ్గరికొచ్చి, రెండో తరగతి చదివే సహస్రకు మేనమామనని, వాళ్లమ్మ తీసుకురమ్మందని చెప్పాడట. క్లాస్ టీచర్ కంప్యూటర్లో తల్లి నంబరు చూసి ఫోన్ చేసింది. అవతల ఒక ఆడమనిషి, అవును, తన తమ్ముడే, పంపించండి అంది. పాప మాత్రం అతనెవరో తెలియదంటూ టీచర్ కొంగు వదల్లేదు. అనుమానమొచ్చి టీచర్ తన సొంత ఫోన్లో ఉన్న నంబరుకు చేస్తే సహస్ర తల్లి ఎత్తింది. ఆమె ఎవరినీ పంపలేదు. ఈలోగా గేటు దగ్గరి మనిషి మాయమయ్యాడు. ఎవరో బడి యాప్‌లోకి చొరబడి, తల్లి నంబరు తీసేసి తమ నంబరు పెట్టారన్నమాట.

పోలీసులకు ఫిర్యాదిచ్చారు. వసుంధర అనుమానం నరేశ్ మీద. బడి కంప్యూటర్లు, పిల్లల వివరాలుండే యాప్ అమర్చింది అతనే. వేసవిలో అతన్ని మాన్పించారు. అతని దుకాణం మేడ్చల్‌లో ఉంది. ముందు అతన్నోసారి చూసి, తర్వాత బడికి రమ్మంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. మేడ్చల్ లోకల్ రైళ్లు తక్కువ. ఒకటి తప్పిపోతే చాలాసేపు పడిగాపులు పడాలి, వేళలు ముందే కనుక్కోండి. టికెట్టు చవక, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. బొల్లారం దాటాక కంటోన్మెంటు చెట్లు అయిపోయి, గుండ్లపోచంపల్లి వైపు పొలాల మధ్య అపార్ట్‌మెంట్లు మొలిచి కనబడతాయి.

ఎదుటి సీట్లో పూల సంచి పెట్టుకున్నావిడ ఫోన్లో ఎవరికో ఒక్కో అంకె చదివి వినిపిస్తోంది. బ్యాంకు వాళ్లట. ఉండబట్టలేక చెప్పొద్దన్నాను. ఆమె ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెవరమ్మా నడిమిట్ల? గాయిన నా పేరు, ఊరు అన్నీ జెప్పిండు. నువ్వెవరో నాకెరుక లేదు."

ఆమె ఫోనైతే పెట్టేసింది గానీ, సంచి తీసుకుని వేరే సీటుకు మారిపోయింది.

మేడ్చల్‌లో దిగి స్టేషను బయట ఇడ్లీ తిని, టీ తాగాను. నరేశ్ దుకాణం బస్టాండు దగ్గర ఒక మందుల షాపు పైన. ముప్పై దాటిన మనిషి, ప్రింటరు విప్పుకుని కూర్చున్నాడు. ట్యూషన్ సెంటరు పెడుతున్నానని, పిల్లల వివరాలకు యాప్ కావాలని అబద్ధమాడాను. ఓపిగ్గా చెప్పాడు. మాటల్లో పెట్టి, పాత బడుల వివరాలు మీకిప్పటికీ కనబడతాయా అని అడిగాను. అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

"శామీర్‌పేట మేడం పంపితే వచ్చిన్రు గదా. నిన్న పోలీసోళ్లు పిలిచిన్రు. ఇంకో రెండు బడులోళ్లు ఇగ రావద్దన్నరు. నాకూ చిన్న బిడ్డున్నది మేడం. నేనట్ల జేస్తనా?"

దాచి లాభం లేదని, బడి యాప్ ఇంకా అందులో ఉందేమో చూడడానికి ఫోన్ చూపించమన్నాను. చూపించాడు. కొత్తది. పాతది పోయిన వారమే కిందపడి పగిలిందన్నాడు. సరిగ్గా పోయిన వారమే పగలాలా అనుకున్నాను. మెట్లు దిగుతూ, నా ఫోన్ నంబరు అతనికి ఇవ్వనందుకు సంతోషించాను కూడా.

శామీర్‌పేటకు షేర్ ఆటో పట్టుకున్నాను. నిండితే గానీ కదలదు, కాబట్టి తొందర పనులున్నవాళ్లు నమ్ముకోకండి. చెరువు దగ్గర దిగి, హోటల్లో చేపల పులుసుతో భోంచేసి, ఒంటిగంట దాటాక బడికి చేరాను.

వసుంధర తలుపేసి నరేశ్ ఏమన్నాడని అడిగింది. ఫోన్ సంగతి చెబితే, చూశావా అన్నట్టు తలూపింది. నేను యాప్ తెరిచి, ఎవరెవరు ఎలా లోపలికొచ్చారో చూడడం మొదలుపెట్టాను. తల్లి నంబరు మార్చినవాడు పాత పాస్‌వర్డ్‌తో రాలేదు. కొత్త పాస్‌వర్డ్ కావాలని అడిగి, ఆఫీసు ఫోన్‌కు వచ్చిన కోడ్ కొట్టి వచ్చాడు. ఆ ఫోన్ రోజంతా ఉండేది క్లర్కు భారతి దగ్గర.

భారతిని పిలిచాం. కోడ్ మాట ఎత్తగానే ఆమె ముఖం పాలిపోయింది. తల దించుకునే చెప్పింది.

"యాప్ కంపెనీ నుంచి అన్నడు మేడం. గొంతు నరేశ్‌ది గాదు. మీ పేరు జెప్పిండు. కోడ్ చెప్పకుంటే పిల్లల మార్కులన్నీ పోతయన్నడు. పరేషానై చెప్పేసిన."

"నరేశ్‌ను పోలీసులు పిలిచిన నాడన్న చెప్పాలె గద," అంది వసుంధర.

"నౌకరి పోతదని భయమైంది."

వసుంధర తర్వాత చేసిన పని నేనూహించలేదు. నరేశ్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మా ఎదుటే తప్పు తనదని చెప్పింది. అతను కోప్పడలేదు. "గదే మాట పోలీసోళ్లకు జెప్పుండ్రి మేడం. గా రెండు బడులోళ్లకు గూడ," అన్నాడు. ఆమె పోలీసులకు, ఆ రెండు బడులకూ వరసగా ఫోన్ చేసింది. నేను తల దించుకుని పాస్‌వర్డులు మారుస్తూ కూర్చున్నాను. పొద్దున ఆ మెట్లు దిగుతూ అనుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

సాయంత్రం దాకా పని పట్టింది. ఒకే పాస్‌వర్డుతో అందరూ వాడే పద్ధతి తీసేసి, ఎవరిది వాళ్లకిచ్చాం. తల్లిదండ్రుల నంబరు మార్చాలంటే బడిలో ఇద్దరు ఒప్పుకోవాలి, పాత నంబరుకు కబురు వెళ్లాలి. కోడ్ అడిగినవాళ్లు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయాలి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల ఫొటోలు తల్లిదండ్రులే బడికొచ్చి ఇవ్వాలి. మిగతా నంబర్లు కూడా అడ్మిషన్ ఫారాలతో సరిచూస్తే ఇంకో పాప తండ్రి నంబరు మారి ఉంది. వసుంధర ఫారంలో ఉన్న నంబరుకు అప్పటికప్పుడు ఫోన్ చేసి అతన్ని రప్పించింది.

నేను బయల్దేరుతుంటే భారతి ఆఫీసు ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వసుంధర దాన్ని తిరిగి ఆమె చేతికే ఇచ్చి, "రేపు గూడ నువ్వే పట్టుకో," అంది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. ఎవరిది సరైన పనో ఇప్పటికీ తేల్చుకోలేను.

తిరుగు ప్రయాణం కరీంనగర్ రోడ్డు మీద సికింద్రాబాద్ బస్సులో. ఈ దారిన బస్సులకు కొదవ లేదు. తూంకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే, పక్కనే బడి బస్సులోంచి పిల్లలు దిగుతున్నారు. ఒక్కో తల్లీ తన బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్తోంది. గేటు దగ్గరికొచ్చిన మనిషి ఇంకా దొరకలేదు. ఎలా ఉంటాడో నాకు తెలియదు. ఈ బస్సులోనే ఉన్నా నేను గుర్తుపట్టలేను.

హకీంపేట దాటాక పక్క సీట్లోని పెద్దాయన, చేతిలోని మక్కకంకి నుంచి నాలుగు గింజలు ఒలిచి నాకిస్తూ పలకరించాడు. "పిల్లలెంతమంది బిడ్డా? ఏ బడిల సదువుతున్నరు?"

నాకొక కూతురుంది. ఐదో తరగతి.

"పిల్లల్లేరండి," అన్నాను.

ఆయన నొచ్చుకుని, ఇంకేమీ అడగకుండా కిటికీ వైపు తిరిగాడు. అల్వాల్ వచ్చేదాకా ఆ గింజలు నా గుప్పిట్లోనే ఉన్నాయి. ఆయన మంచివాడనే నాకనిపించింది. అయినా ఆ అబద్ధాన్ని సరిదిద్దకుండానే బస్సు దిగాను.