మా బావ చెప్పిన అల్జీరియా

మా బావ దృష్టిలో అల్జీరియా అంటే ఇసుక. ఆ దేశంలో ఏళ్ళ తరబడి ఉండి కూడా అతను ఇసుక చూసింది కాంక్రీటు కలిపే చోట మాత్రమే. అయినా పలాస బజార్లో ఎవరడిగినా ఎడారి, ఒంటెలు, కత్తులు అంటాడు. విన్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆ వినేవాళ్ళ మీద కూడా నాకు పెద్ద గౌరవం లేదు.

బావ అంటే మా అక్క భర్త. వెల్డరు. మా ఉద్దానం ప్రాంతం నుంచి వెల్డర్లు పోని దేశం లేదు. తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాక ఇంకా ఎక్కువ మంది పోయారు. బావ వెళ్ళిన చోట మనవాళ్ళకి అన్నం వండేవాడు కావలసి వచ్చాడు. మందసలో పెళ్ళిళ్ళకి వంటలు చేస్తున్న నన్ను అతనే పిలిపించాడు. ఈ సంగతి ఇప్పటికీ పదిమందిలో గుర్తు చేస్తూ ఉంటాడు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను.

మేమున్న క్యాంపు రాజధానికి తూర్పున, కొండల కింద కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీ పక్కన. చలికాలంలో ఆ కొండల మీద మంచు కురిసేది. దేశంలో ఎక్కువ భాగం ఎడారే, కాదనను. కానీ అది కొండలు దాటి దక్షిణంగా చాలా దూరం పోతే వస్తుంది. జనంలో ఎక్కువమంది సముద్రం పక్కనున్న పచ్చటి పట్టీలోనే బతుకుతారు. నారింజ తోటలు, అంజూర చెట్లు, కొండవాలు నిండా ఆలివ్ చెట్లు. మా వాళ్ళు ఆ పచ్చదనం మధ్య కంచె లోపల మంచాల మీద పడుకుని, ఎడారిలో పడ్డామని ఇళ్ళకి ఫోన్లు చేసేవారు. బయటికి పోరు. పోతే ఏముందంటారు. పప్పులో చింతపండు తగ్గితే మాత్రం ఆ దేశాన్నీ, ఆ దేశం మతాన్నీ, నన్నూ కలిపి తిట్టేవారు.

వంటవాణ్ణి కనుక నాకు సంతకి పోయే పని ఉండేది. వ్యాను నడిపేది అక్కడి మనిషే, నడివయసువాడు. పాత హిందీ సినిమాలు చూసి, మనవాళ్ళతో తిరిగి హిందీ నేర్చుకున్నాడు. నా హిందీ కూడా అంతంత మాత్రమే కనుక మాకు బాగా కుదిరింది. దారిలో అతను చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. తాము అరబ్బులం కామనీ, అరబ్బులు రాకముందు నుంచీ ఆ కొండల్లో ఉన్నవాళ్ళమనీ, తమకి వేరే భాష, వేరే లిపి ఉన్నాయనీ చెప్పాడు. నిజంగానే ఊరి పేర్ల బోర్డుల మీద మూడు లిపులు ఉండేవి. రోమన్లు వచ్చారు, పోయారు. తురుష్కులు వచ్చారు, పోయారు. ఫ్రెంచివాళ్ళు వచ్చి నూరేళ్ళు దాటినా పోలేదు. చివరికి యుద్ధం చేసి పంపించారు. తరవాత తొంభైల్లో తమలో తామే చంపుకున్నారు. ఆ సంగతి దగ్గరికి వస్తే మాట ఆపేసి అద్దంలోకి చూసేవాడు. నేను అడిగేవాణ్ణి కాదు.

ఇవన్నీ బావకి చెప్పబోతే ఆవలించేవాడు.

"మనకెందుకురా బావా ఈళ్ళ కతలు? డ్యూటీ సేసుకున్నామా, అన్నం తిన్నామా, అంతే" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆ కొండల్లో కార్చిచ్చు పుట్టింది. డ్రైవరు వాళ్ళ ఊరి తోటలు చాలావరకు కాలిపోయాయి. తాతల నాటి ఆలివ్ చెట్లు. అతను పని మాత్రం మానలేదు. నేను తిత్లీ సంగతి, మా నాన్న పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య నిలబడి ఏ చెట్టు ఎప్పుడు నాటాడో చెప్పడం, అతనికి చెప్పాను. అంతా విని, "ఈ శుక్రవారం మా ఇంటికి భోజనానికి రా, మీ బావనీ తీసుకురా" అన్నాడు.

అక్కడ శుక్రవారం సెలవు. డ్రైవరు తన సొంత కారు తెచ్చాడు. కొండ మీద ఫొటోలు దిగొచ్చని బావ బయల్దేరాడు.

వాళ్ళమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు ఉంది, మా నాయనమ్మకి ఉన్నట్టే. గోధుమ రవ్వని ఆవిరి మీద ఉడికించి, పైన మాంసం, శనగలు, గుమ్మడి ముక్కలు వేసి పెద్ద పళ్ళెంలో పెట్టింది. తోట తగలబడిన ఇల్లు అది. పైన పోసిన ఆలివ్ నూనె నిరుటిది, మళ్ళీ ఎప్పటికొస్తుందో తెలియదు. బావ పళ్ళెం మీదకి వంగి వాసన చూశాడు.

"ఇది ఏటి మాంసమో, కుక్కదో ఏటో" అని తెలుగులో అన్నాడు, నవ్వు మొహంతోనే.

ఏమన్నాడని ఆవిడ కొడుకుని అడిగింది, కొడుకు నన్ను అడిగాడు. చాలా రుచిగా ఉందంటున్నాడని చెప్పాను. ఆవిడ సంతోషించి ఇంకొంచెం వడ్డించింది. కుక్క మాంసమేమోనన్న మనిషి అదీ తిన్నాడు, ఆ తరవాత వడ్డించిందీ తిన్నాడు.

కొండ దిగేటప్పుడు డ్రైవరు ఒక వీధిలో కారు ఆపాడు. కింది అంతస్తులో ఒక షట్టరు, దానికి తాళం, తాళం మీద లక్క ముద్ర.

"మీరు క్రైస్తవులమని చెప్పారు కదా. ఇది మీవాళ్ళ ప్రార్థన మందిరమే. అధికారులు మూసేశారు" అన్నాడు. గోడ పక్కన నిలబడ్డ సన్నటి మనిషిని చూపించాడు. "వీడు నా పినతండ్రి కొడుకు. నేను నమాజు చేస్తాను, వీడు బైబిలు చదువుతాడు. పండక్కి మాత్రం ఒకే పళ్ళెంలో తింటాం."

నేను దిగాను. ఆ మనిషి నా దగ్గరికొచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని పేరు చెప్పాడు. అతని మాటలు డ్రైవరు హిందీలో చెప్పాడు. ఈ మందిరం తెరవమని అడగడానికి పోతే ఒక రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారట. ఇప్పుడు చెట్ల కింద కూడుకుంటున్నారట. పాతకాలంలో సంఘానికి మహా గురువైన ఒకాయన ఈ దేశంలోనే పుట్టాడనీ, మీ ఊళ్ళో ఈ సంగతి తెలుసా అనీ అడిగాడు. తెలియదన్నాను. తనతో కలిసి ఒక్క ప్రార్థన చేస్తామా అన్నాడు.

బావ కారు దిగలేదు. అద్దం కాస్త దించి, "ఒరే బావా, ఎక్కురా. మన ఈసాలు పోతాయి. ఎవులి మందిరం ఎవులికి మూసీసినా మనకేటి?" అన్నాడు. మళ్ళీ అద్దం ఎత్తేశాడు.

నేను ఆ మనిషితో ప్రార్థన చేసి ఎక్కాను. వీసా పోతుందని భయపడినందుకు బావని నేను తప్పు పట్టలేదు. పరాయి దేశంలో భయం ఎవరికైనా ఉంటుంది. నాకూ ఉంది.

ఇద్దరం ఇంటికొచ్చేశాం. టెక్కలికి ఇవతల మా ఊరి మందిరంలో ఒక ఆదివారం బావని సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తన జీవితంలో చేసిన మేలు గురించి సంఘం ముందు నిలబడి చెప్పడమన్నమాట. తెల్ల చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. ఎడారిలో ఇసుక తుపాను లేచిందన్నాడు. దుప్పటి కప్పుకుని దొంగచాటుగా బైబిలు చదివానన్నాడు. ఆ మాటలకి నాకు నవ్వొచ్చింది. క్యాంపులో అతను దుప్పటి కప్పుకుని చదివిందేమీ లేదు, ఫోన్లో సినిమాలు చూశాడు.

తరవాత గొంతు తగ్గించాడు.

"మన మందిరానికి తాళం ఏసీసినారు. నాను ఆ తాళం ముందల మోకాళ్ళూనినాను. పోలీసులొచ్చి ఈడ్సుకుపోయి రాత్రంతా టేసన్లో ఉంచినారు. అయినా నాను పార్దన ఆపనేదు."

సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. మా అక్క కూడా.

నేను లేచాను. "ఆ టేసన్లో కూకున్నోడు నువ్వు కాదు బావా. ఆ మనిసి నా సెయ్యట్టుకుని సెప్పినాడు. నువ్వు కారద్దం ఎత్తీసినావు" అన్నాను.

బావ నా వంక జాలిగా చూశాడు, తప్పు చేసిన పిల్లవాణ్ణి పెద్దలు చూసినట్టు. పాస్టరు గారు మెల్లిగా, "ఇంట్లో తగువులు ఇక్కడొద్దు తమ్ముడూ, కూర్చో" అన్నారు. పాట ఎత్తుకున్నారు.

కూడిక అయ్యాక చెప్పుల దగ్గర ఒక ముసలమ్మ నన్ను ఆపింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి చేతులు నల్లబడ్డ మనిషి.

"ఆ పిల్లడు ఇప్పుడెక్కడ పార్దన సేసుకుంతన్నాడు నాయినా?" అని అడిగింది.

"సెట్ల కింద అమ్మా. సానా తోటలు కాలిపోనాయి. మిగిల్న సెట్ల కింద."

"ఆడి పేరు సెప్పు. నాను పార్దన్లో ఎట్టుకుంతాను."

చెప్పాను. రెండుసార్లు పలికి సరిచూసుకుని వెళ్ళిపోయింది. అంతమందిలో ఆ మనిషి గురించి అడిగింది ఆవిడొక్కతే.

సాయంత్రం అక్క వచ్చింది. కోపం లేదు, అలసట ఉంది.

"ఎందుకురా తమ్ముడా నలుగుర్లో అలగన్నావు? ఆయన సెప్పింది ఇని ఎంతమందికి దైర్నం వచ్చిందో సూసినావా?"

"ఇంకొకడి కట్టం అది అక్కా. ఈయన తొడుక్కున్నాడు."

"ఆడెక్కడో ఉన్నాడు. ఆడికి తెలుత్తాదేటి?"

దానికి నా దగ్గర జవాబుంది గానీ అక్కతో అనలేదు. ఆవిడ ఆయనతో కాపురం చేయాలి.

తరవాత బావకి కంచిలి నుంచి, ఇచ్ఛాపురం నుంచి కూడా పిలుపులు వచ్చాయి. ఒక్కో ఊళ్ళో పోలీసుల దెబ్బ ఒక్కొక్కటి కలిపి చెబుతున్నాడని విన్నాను. ఒక కూడికకి బిర్యానీ వండమని నన్నే అడిగారు. ఆకలితో వచ్చేవాళ్ళు ఏం పాపం చేశారని వండాను, డేక్సాలు దించి అతను మైకు అందుకోకముందే వచ్చేశాను. అక్క ఇంటికి పోవడం మాత్రం మానలేదు. భావనపాడు నుంచి మంచి చేప వస్తే పట్టుకెళ్తాను. బావా నేనూ ఎదురెదురుగా కూర్చుని తింటాం. ఉక్క ఎక్కువగా ఉందంటాడు, అవునంటాను. అంతకు మించి మాట్లాడదగ్గ మనిషి కాడతను.