ఎనిడ్ పేరు మీద కొన్న రీలు

ఆదివారం పొద్దున్నే చేపలు పట్టడానికి ట్రెంట్ నదికి బయల్దేరే మా ఫౌండ్రీ క్లబ్బు బస్సులో డ్రైవరు వెనక సీటు విల్ఫ్ స్టానిఫోర్త్‌ది. ఆ సీట్లో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. కూర్చోవద్దని ఎవరూ రాసిపెట్టలేదు, అయినా అంతే. ఒళ్ళో గుడ్డసంచి, అందులో గాలపు దారం చుట్టే అతని చక్రం రీలు ఉండేవి. ఆ రీలుకు గేర్లు లేవు, బ్రేకు లేదు. ప్రవాహం బెండును లాక్కుపోతుంటే చక్రం తనంతట తాను తిరుగుతుంది. ఎంత వేగంగా తిరగాలో బొటనవేలు అంచుకు ఆనించి అదుపు చెయ్యాలి. షెఫీల్డ్‌లో గాలం పట్టేవాళ్ళు వేలల్లో ఉన్నారు, కానీ ఆ చక్రాన్ని విల్ఫ్‌లా చెప్పినట్టు ఆడించినవాడు మా క్లబ్బులో లేడు.

డెన్నిస్ ఆక్స్‌లీది మూత రీలు. దారం మూత కింద దాగి ఉంటుంది, ముందున్న మీట నొక్కితే జారుతుంది. చలిలోనూ గాలిలోనూ ఎవడైనా వాడగలడు. అదే విల్ఫ్‌కి నచ్చనిది.

"డెన్నిస్, నీ టీపొడి డబ్బాలో ఎన్ని చెంచాలున్నాయి? తిరిగొచ్చేటప్పుడు మా అందరికీ సరిపోతుందా?" అనేవాడు ప్రతి ఆదివారం, ఆ మూత రీలును చూపించి. బస్సంతా నవ్వేది. డెన్నిస్ కూడా నవ్వేవాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

ఒడ్డున దిగగానే క్లబ్బు కార్యదర్శి ఒక సంచి పట్టుకుని నిలబడేవాడు. లోపల నంబర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళలు ఉండేవి. చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తియ్యాలి, ఆ నంబరు వేసిన చోటే రోజంతా కూర్చోవాలి. పట్టిన చేపల్ని నీళ్ళలోనే వలలో ఉంచి, సాయంత్రం తూచి మళ్ళీ నదిలో వదిలేస్తారు. సంచిలో మొదటి చెయ్యి విల్ఫ్‌దే. బిళ్ళల్ని గలగలలాడించి, మంచి నంబరు వేలికి వెచ్చగా తగులుతుందని అందరినీ ఉడికించేవాడు.

ఆ వేళ్ళే పోయాయి.

విల్ఫ్ పని పోతపోసిన ఇనుము అంచుల్ని, గాలి ఒత్తిడితో కొట్టుకునే గాలి సుత్తితో చెక్కడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సుత్తి చేతిలో వణుకుతూనే ఉంటుంది. మొదట చలికి వేలి కొసలు తెల్లబడ్డాయి. తర్వాత తెలుపు కణుపుల దాకా దిగింది. తర్వాత వేళ్ళు అతనివి కాకుండా పోయాయి. దానికి ఒక పేరుందని నేను లైబ్రరీ పుస్తకంలో చదివాను. పేరు పెట్టినవాళ్ళెవరూ సుత్తి ఆపించలేదు. కంపెనీ డాక్టరు విల్ఫ్ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, చలికాలం కదా, మంచి చేతితొడుగులు కొనుక్కోమన్నాడు.

అక్టోబరు పోటీలో విల్ఫ్ చక్రం అదుపు తప్పింది. బొటనవేలు అంచుకు ఆనిందో లేదో తెలియలేదు. దారం చిక్కుపడి పిట్టగూడులా అయింది, చేతికొచ్చిన పెద్ద చేప గాలంతో సహా పోయింది. పాడు గాలి అన్నాడు విల్ఫ్. పక్కనే కూర్చున్న డెన్నిస్ నీళ్ళకేసి చూసి, "గాలా? నా బెండు పక్కకి జరగలేదే" అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు.

నవంబరులో చలికాలపు జట్టును ఎంచుకుంటారు. ఆలోగా విల్ఫ్‌కి మూత రీలు కావాలి. అది షెఫీల్డ్‌లో కొంటే సాయంత్రానికి క్లబ్బులో తెలిసిపోతుంది. అందుకని శనివారం బస్సెక్కి చెస్టర్‌ఫీల్డ్ వెళ్ళాడు. అక్కడ గాలాల దుకాణం నడిపే టాగ్ అనే కుర్రాడు మంచివాడు, మాటకారి. రీళ్ళు బల్ల మీద పరిచి, ఎవరికోసమని అడిగాడు.

"మా ఆవిడకి" అన్నాడు విల్ఫ్.

టాగ్ ముఖం విప్పారింది. ఆడవాళ్ళు గాలం పట్టడం ఎంత మంచి విషయమో చెప్పి, ఆవిడ చేతులెలా ఉంటాయని అడిగాడు. అప్పుడు విల్ఫ్ నోట్లోంచి, ఇంట్లోగానీ ఫౌండ్రీలోగానీ ఎన్నడూ అనని మాటలన్నీ వరసగా వచ్చేశాయి. వేళ్ళు చలికి తెల్లబడతాయి. పట్టుకున్న వస్తువు జారిపోయాక గానీ జారిందని తెలియదు. వెచ్చబడేటప్పుడు సూదులతో పొడిచినట్టుంటుంది. పాపం, ఎవరికీ చెప్పుకోదు. అంతా భార్య ఎనిడ్ పేరు మీదే చెప్పాడు.

టాగ్ రీళ్ళన్నీ వెనక్కి జరిపాడు. "అలాంటి చేతికి చూడకుండా అమ్మలేనండీ. మీట మరీ గట్టిగా ఉండకూడదు, పిడి లావుగా ఉండాలి. వచ్చే శనివారం ఆవిణ్ణి తీసుకురండి."

చేతులు నావేనని ఆ క్షణాన అనేస్తే అక్కడితో అయిపోయేది. విల్ఫ్ సరేనని టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

ఎనిడ్ చెంచాలూ ముళ్ళచెంచాలూ మెరుగుపెట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. మురికి అంటకుండా ఒంటికి పాత పేపర్లు చుట్టుకుని, తిరిగే చక్రం ముందు నిలబడి, చెంచాలో తన ముఖం కనిపించేదాకా వదలదు. ఆ వీధిలో ఆవిడంత చేతిపనితనం ఉన్నవాళ్ళు లేరు. నీకు నచ్చే రంగు చూద్దువుగాని రమ్మని విల్ఫ్ పిలిస్తే, చేపల రీలుకి రంగేమిటని గొణుక్కుంటూనే బయల్దేరింది.

దుకాణంలో టాగ్ ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి మెల్లగా అందుకున్నాడు. "ఈ వేళ్ళేనా అమ్మా తెల్లబడేది? డాక్టరుకి చూపించారా?"

ఎనిడ్ విల్ఫ్ వైపు చూసింది. అతను గోడకున్న గాలపు కర్రల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

"చూపించాం" అంది ఎనిడ్. "చలికాలం అన్నాడు." ఇంక ఆవిడే మొదలుపెట్టింది. పొద్దున చొక్కా మెడ గుండీ పట్టదు. టీ వేడిగా ఉందని పెదవికి తగిలాకే తెలుస్తుంది. "రాత్రి నేను నిద్రపోయాననుకుని చేతులు చంకల్లో పెట్టుకుని మూలుగుతూ ఉంటాడు." ఆ చివరి మాటకు టాగ్ తలెత్తాడు. ఎనిడ్ గొంతు సవరించుకుని, "ఉంటాను" అని దిద్దింది.

విల్ఫ్ మెడ ఎర్రబడింది. ఇన్నాళ్ళూ దాచానని అనుకున్నది ఒక్కటీ దాగలేదు.

చివరికి ఎనిడ్ ఒక రీలు అతనికందించి, "నువ్వు తిప్పి చూడు, నాకు కుదురుతుందో లేదో" అంది. అతను తిప్పాడు, మీట నొక్కాడు. మీట దిగింది. అదే కొన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ రీలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చేతుల మీదకి ఎందుకు తోశావని అడిగింది. నోటికి అదే వచ్చిందన్నాడు. "నీ చేతులని నోటికి రాలేదా?" అంది.

మరుసటి ఆదివారం విల్ఫ్ సంచిలోంచి మూత రీలు బయటికొచ్చింది. ఎనిడ్ గాలం పట్టడం మొదలుపెడుతోందని, కొత్త రీలును కాస్త వాడి సాఫీ చేసిపెడుతున్నానని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అయినా మధ్యాహ్నం దాకా ఊరుకున్నారు. అప్పుడు ఎరపురుగులు అమ్ముకుంటూ ఒక వ్యాను ఒడ్డుకొచ్చింది. దిగినవాడు టాగ్.

"మీ ఆవిడ వేళ్ళెలా ఉన్నాయండీ? రీలు కుదిరిందా?" అని దూరం నుంచే పలకరించాడు.

ఒడ్డు మీద అందరూ విల్ఫ్ వైపు తిరిగారు. అలాగే ఉన్నాయన్నాడు విల్ఫ్.

డెన్నిస్ చెడ్డవాడు కాదు. టాగ్ మాట నిజమేననుకుని, ఇంటికెళ్ళి ఎనిడ్ వేళ్ళ సంగతి జాలిపడుతూ భార్యతో చెప్పాడు. ఆమె పనిచేసేది ఎనిడ్ కార్ఖానాలోనే. ఆమె కూడా జాలిపడుతూనే అక్కడి మేస్త్రీ ఆవిడతో చెప్పింది. వేళ్ళు మొద్దుబారిన మనిషిని తిరిగే చక్రం ముందు ఎవరు నిలబెడతారు? ఎనిడ్‌ని నిన్నమొన్న చేరిన పిల్లల పక్కన, చెంచాలకు పలచని కాగితం చుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఆవిడ బంగాళాదుంపలు వడ్డిస్తూ మామూలుగానే చెప్పింది. "మేస్త్రీ నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది, స్కూల్లో పిల్లల గోళ్ళు చూసినట్టు. అందరూ చూస్తున్నారు. నేనేమీ అనలేదు. చెప్పాల్సింది నేను కాదు."

విల్ఫ్ ముళ్ళచెంచా కింద పెట్టేశాడు. అది ఆవిడ మెరుగుపెట్టిందే.

జట్టును ఎంచుకునే ఆదివారం మంచు గడ్డకట్టింది. కార్యదర్శి సంచి తెరిస్తే మొదటి చెయ్యి విల్ఫ్‌ది కాలేదు. తనూ కార్యదర్శీ తప్ప అందరూ తీసుకున్నాక, సంచి అడుగున రెండు బిళ్ళలు మిగిలి ఉండగా ముందుకొచ్చాడు.

"డెన్నిస్, నాది నువ్వు తియ్యి."

"ఎందుకూ, పాడు నంబరొస్తే నా నెత్తిన రుద్దడానికా?"

విల్ఫ్ చేతితొడుగును పళ్ళతో లాగాడు. వేళ్ళు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. "బిళ్ళ తగిలినా నాకు తెలీదు. ఎనిడ్ చేతులకి ఏమీ కాలేదు. పోయినవి నావి. రీలు నాదే, అబద్ధమూ నాదే. మీ ఆవిడతో చెప్పు, రేపు పనిలో చెప్పమను."

ఎవరైనా టీపొడి డబ్బా అని వెక్కిరించి ఉంటే బాగుండేది. కొందరు వెనక్కి తిరిగి తమ సామాన్లు సర్దుకున్నారు. వాళ్ళలో ఇద్దరు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు, వాళ్ళదీ గాలి సుత్తి పనే. నేనూ పెట్టుకున్నాను.

డెన్నిస్ బిళ్ళ తీసి చూశాడు. "ఆవులు నీళ్ళు తాగే చోటొచ్చింది. తీసింది నేనే కదా, తిట్టుకో" అన్నాడు. విల్ఫ్ తిట్టలేదు. ఆ బురదలో రోజంతా కూర్చుని, తూకానికి పిలిస్తే ఖాళీ వల చూపించాడు. జట్టులో అతని పేరు రాలేదు.

సోమవారం ఎనిడ్ మళ్ళీ చక్రం ముందు నిలబడింది.

తర్వాతి ఆదివారం బస్సు వాళ్ళ వీధిలో ఆగింది. రీలు కొన్నప్పట్నుంచీ విల్ఫ్ చొక్కా మెడ గుండీ ఎనిడ్ రోజూ వంటింట్లోనే పెట్టేది. ఆ రోజు మాత్రం బస్సు ఆగేదాకా ఆగి, వాకిట్లోకి వచ్చి, కిటికీల్లోంచి మేమంతా చూస్తుండగా పెట్టింది. తొందరేమీ పడలేదు. విల్ఫ్ చెవులు కందిపోయాయి. అయినా గడ్డం పైకెత్తి, ఆవిడ ముగించేదాకా కదలకుండా నిలబడ్డాడు.