పండులో ఎక్కని అక్షరాలు

ఫిల్మ్‌నగర్‌లో మా సినిమా ఆఫీసులో నలభై మామూలు కంప్యూటర్లు, మూడేమో కొరికిన పండు బొమ్మ ఉన్నవి. ఆ మూడింటినీ అందరూ ‘పండు’ అనేవాళ్లు. నలభైకి జలుబు చేసినా, మూడింటికి దిష్టి తగిలినా చూడాల్సింది నేనే. కుళాయి బాగుచేసేవాడు వస్తే టీ ఇచ్చేవాళ్లు. సిస్టం వాడికి అదీ లేదు.

పండు లేకపోతే మా దర్శకుడికి ఆలోచన రాదట. వచ్చాక కూడా రాలేదనుకోండి, అది వేరే సంగతి. పండు దిగిన రోజు కొబ్బరికాయ కొట్టి, బొమ్మ మీద కుంకుమ బొట్టు పెట్టారు. ఆ కుంకుమ కీబోర్డు సందుల్లోకి రాలితే దులిపింది నేను. నలభైకి పనిచేసే ప్రింటరు దీనికి ఒక్కోసారి పనిచేయకపోతే, “మీ సిస్టమ్సే పాతవి” అనేవాడాయన. ఔరా! ఒకడికి చొక్కా పట్టకపోతే ఊరందరి ఒళ్లూ తప్పన్నమాట.

అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. డైలాగులు టైపు చేసే ఆవిడ రహమత్ నగర్ నుంచి వచ్చేది. ఇద్దరు పిల్లల చదువు ఆవిడ పది వేళ్ల మీదే నడిచేది. ఆవిడ వాడేది పాతకాలపు తెలుగు ఫాంటు. అది ఎక్కించిన కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. ఎక్కించనిదాంట్లో తెరిస్తే కొమ్ములొచ్చిన ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కనిపిస్తాయి. ముహూర్తానికి మూడు రోజుల ముందు ఆవిడ నా దగ్గరికొచ్చింది.

“సార్, పండుల మన ఫాంట్ ఎక్కించిన్రా?”

“ఎక్కించేశానమ్మా, ఫికర్ పెట్టుకోకండి.”

ఎక్కించలేదు. సాయంత్రం ఎక్కిద్దాంలే అనుకున్నాను. ఆ సాయంత్రం మూడు రోజులైనా రాలేదు.

ముహూర్తం రోజు పొద్దున్నే దర్శకుడు పండులోంచి స్క్రిప్టు ప్రింటు తీయించి, నేరుగా బైండింగుకి పంపాడు. ఒక్కరూ తెరిచి చూడలేదు. ఎందుకు చూస్తారు? మా వాళ్లకు స్క్రిప్టు పూజ చేసుకునేదే గానీ చదివేది కాదు. నాలుగు మూలలా పసుపు పూసి, దేవుడి పటం ముందు పెట్టి, అందరూ కళ్లకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను. తర్వాత మొదటి డైలాగు చెప్పడానికి హీరో పుస్తకం తెరిచాడు.

“ఏంటండీ ఇది? అన్నీ డాలర్లూ కామాలూ. నేనేం చెప్పాలి?”

నిర్మాత ముఖం కందగడ్డ అయింది. టైపు చేసినావిడని పిలిపించి, పుస్తకం ఆవిడ ముఖం ముందు ఆడించాడు.

“తెలుగు మర్చిపోయావా? రేపట్నుంచి రావద్దు నువ్వు!”

ఆవిడ ఒక్కసారి నా వైపు చూసింది. ‘సిస్టం సారే ఎక్కించిన అన్నడు’ అని ఒక్క మాట అంటే చాలు, ఆవిడ ఉద్యోగం నిలిచేది, నాది ఊడేది. అనలేదు. నేనూ నోరు విప్పలేదు. నలభై మూడు కంప్యూటర్లకు పెద్దదిక్కుని కదా, వంగి ఏదో వైరు సరిచేస్తున్నట్టు నటించాను.

“ముహూర్తం దాటిపోతోందండీ,” అన్నారు పంతులుగారు.

ఆవిడ హీరో వైపు తిరిగింది. “ఎనిమిదిసార్లు టైప్ చేసిన సార్. మొత్తం నోటికొస్తది. నేను చెప్త, మీరు అనున్రి.”

తర్వాత అచ్చం సినిమా భాషలో, గొంతు వణక్కుండా చెప్పింది.

“ఈ గడప దాటానంటే మళ్లీ తొక్కను. దాటమంటావా, చెప్పు!”

చెబుతున్నది హీరోకే, కానీ ఎదురుగా నిలబడింది నిర్మాత. హీరో ఆ మాటే అన్నాడు, క్లాప్ కొట్టారు, చప్పట్లు మోగాయి. నిర్మాత దగ్గి, “సర్లే, రేపు టైముకి రా” అన్నాడు. అప్పుడు పెగిలింది నా గొంతు. “ఫాంట్ ప్రాబ్లం సార్,” అన్నాను. మా వృత్తిలో ఇదొక వరం, ప్రాబ్లం ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే ఫాంటు ఎక్కించాను. రెండంటే రెండు నిమిషాలు పట్టింది. సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడ దగ్గరికి వెళ్లి, “ఎక్కించానమ్మా” అన్నాను.

“గీసారి నిజంగనా సార్?”

జవాబు కోసం ఆగలేదు. లేచి, దర్శకుడి గదిలోకి వెళ్లి, తనే పండు తెరిచి చూసుకుంది.