బుట్ట దించని అవ్వ

అడవి అంచున ఉన్న మా చిన్న స్టేషన్‌లో ఒక అవ్వ సీతాఫలాలు అమ్మేది. బేరం కాగానే, దించిన బుట్ట మళ్లీ తలకెత్తుకోవడానికి "జర చెయ్యెయ్యి బిడ్డా" అనేది. ప్యాసింజర్ దిగినవాళ్లలో ఎవరో ఒకరు చెయ్యి వేసేవారు. నేనూ ఎన్నోసార్లు వేశాను.

ఇప్పుడక్కడ ప్యాసింజర్ ఆగదు. మణుగూరు బొగ్గు గూడ్సులు దుమ్ము లేపుకుంటూ పోతాయి. కొత్తగా స్టీలు బెంచీలు వేశారు, కూర్చునేవాళ్లే లేరు. పళ్లు లైను పనివాళ్లు కొంటే కొన్నట్టు. మొన్న బైకు మీద వెళ్తే, అవ్వ నిండు బుట్టతో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతోంది.

"దించి కూసోరాదా, అవ్వా?" అన్నాను.

"దించితే మళ్ల ఎవరెత్తుతరు?"

"నేనున్న గదా."

నా వేలికి గిరగిరా తిరుగుతున్న బండి తాళం వైపు చూసింది అవ్వ. బుట్ట సర్దుకుని మళ్లీ నడిచింది.